తిరుపతిలో పరుగు, ఫోన్‌లో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్: మొదటి అడుగు నుంచి ఏడాది లెక్క దాకా

తిరుపతిలో ఉదయం సరిగ్గా ఐదున్నరకు పరుగు మొదలుపెట్టి, దాన్ని ఫోన్‌లో నమోదు చేసుకుని, ఆ ఫైలును తర్వాత కంప్యూటర్‌లో తెరిచి చూస్తే, మొదటి అడుగు పడిన సమయం 00:00:00 అని కనిపించవచ్చు. ఇరవై నిమిషాలు ముందే బయలుదేరిన రోజున 23:40 అని, పైగా నిన్నటి తేదీతో కనిపించవచ్చు. ఫోన్ చెడిపోలేదు, యాప్ పొరబడలేదు. అలాంటప్పుడు ఆ ఫైలు ప్రపంచ ప్రామాణిక సమయంలో రాసి ఉంటుంది, మన గడియారం దానికంటే ఐదున్నర గంటలు ముందుంటుంది, అంతే. ఈ సంగతి తెలియక నేను ఒక ఏడాది జనవరి ఒకటో తేదీ పరుగును డిసెంబరు ఖాతాలో వేసి, రెండు నెలల లెక్కలూ ఎందుకు కలవడం లేదో తెలియక చాలాసేపు తలపట్టుకున్నాను.

పరుగు లెక్కను ఏదో ఒక కంపెనీకి అప్పగించకుండా మన దగ్గరే ఉంచుకోవాలనుకునేవారు ఇలాంటి విషయాలు పదో పన్నెండో తెలుసుకోవాలి. అంతకుమించి సాంకేతిక విద్య ఏదీ అక్కర్లేదు. ఒక ఆండ్రాయిడ్ ఫోన్, ఏదో ఒక పాత కంప్యూటర్, వారానికి నాలుగు ఉదయాలు ఉంటే చాలు. ఆంగ్లంలో 'ఫ్రీ సాఫ్ట్‌వేర్' అంటే డబ్బు కట్టనవసరం లేనిదా, కట్టుబాట్లు లేనిదా అని దశాబ్దాలుగా వివరణలు ఇచ్చుకుంటున్నారు. మనకు ఆ ఇబ్బంది లేదు, ఎందుకంటే తెలుగులో ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. ఇక్కడ చెప్పబోయే యాప్‌లు ఉచితమే అయినా, వాటిని ఎంచుకోవడానికి కారణం మాత్రం స్వేచ్ఛే: వాటి మూలసంకేతం (సోర్స్ కోడ్, అంటే యాప్‌ను తయారుచేసిన ఆదేశాల పాఠం) ఎవరైనా చదవవచ్చు, మార్చవచ్చు, తయారుచేసినవారు వదిలేస్తే మరొకరు అందుకోవచ్చు.

1. మొదటి రెండు వారాలు ఫోన్ తీయవద్దు

సాధనాల గురించి రాస్తూ మొదటి సలహాగా సాధనం వద్దనడం వింతగా ఉండవచ్చు. అయినా కొత్తగా పరుగు మొదలుపెట్టినవారు తొలిరోజు నుంచే కిలోమీటరుకు ఎన్ని నిమిషాలు పట్టిందో చూసుకుంటుంటే, శరీరం చెప్పేది వినడం మానేసి అంకె చెప్పేది వింటారు. మూడో వారానికి పిక్కో మోకాలో పట్టేస్తుంది. నేను ఎస్వీ యూనివర్సిటీ ఆవరణలో మొదలుపెట్టిన రోజుల్లో, రోజూ నడకకు వచ్చే ఒక పెద్దాయన నన్ను ఆపి, "ఏమబ్బా, పరిగెత్తేదానికి వచ్చినావా, ఫోన్ చూసేదానికి వచ్చినావా?" అని అడిగారు. జవాబు చెప్పలేక మర్నాడు ఫోన్ ఇంట్లో పెట్టి వెళ్లాను.

చేతి గడియారం ఒక్కటి చాలు. ఐదు నిమిషాలు మామూలుగా నడిచి, ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక చొప్పున ఎనిమిది సార్లు చేసి, చివరలో మళ్లీ ఐదు నిమిషాలు నడవాలి. ఇలా వారానికి నాలుగు రోజులు చేయాలి, వరుసగా రెండు రోజులకు మించకూడదు. రెండో వారం రెండు నిమిషాల పరుగు, రెండు నిమిషాల నడక ఏడు సార్లు చేయవచ్చు. వేగం ఎంత ఉండాలన్న ప్రశ్నకు గుండె కొట్టుకునే లెక్కలకంటే నమ్మదగిన కొలత ఒకటుంది: పరుగెత్తుతూ పక్కవారితో ఒక పూర్తి వాక్యం తడబడకుండా చెప్పగలగాలి. రెండు మాటలకే ఊపిరి అందకపోతే వేగం ఎక్కువైనట్టు. బీపీ, షుగర్, గుండె సమస్యలు ఉన్నవారు, చాలా ఏళ్లు కదలకుండా కూర్చున్నవారు మొదలుపెట్టే ముందే వైద్యుని అడగాలి.

వేళ విషయంలో మన ఊరికి పట్టింపు ఎక్కువ. మే నెలాఖరులో సూర్యుడు 5.45 ప్రాంతంలోనే వచ్చేస్తాడు, ఏడు గంటలకే వెలుతురు కాదు, వేడి మొదలవుతుంది. జనవరిలో 6.35 దాటాక గానీ పొద్దు పొడవదు కాబట్టి అప్పుడు తొందర అక్కర్లేదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు ఇక్కడ గట్టిగా పడతాయి. 2021 నవంబరులో వీధులు ఏరులైన సంగతి ఊరివారికి గుర్తే. వాననీటి కింద గుంత ఉందో మురికికాలువ ఉందో తెలియని రోడ్డు మీద పరుగు వద్దు.

2. దారి ఎంచుకోవడం

మొదటి రెండు నెలలు యూనివర్సిటీ ఆవరణ లాంటి వాహనాలు తక్కువగా తిరిగే చోటే మేలు. ఆ తర్వాత చాలామంది మనసు పోయేది కపిలతీర్థం రోడ్డు మీదుగా అలిపిరి వైపు, అక్కడినుంచి కొండ అంచున జూపార్కు మీదుగా చెర్లోపల్లి వెళ్లే రోడ్డు వైపు. ఎడతెగని చిన్న ఎత్తుపల్లాలు, ఒక పక్క శేషాచలం కొండ, చల్లగాలి ఉన్న ఆ దారి నిజంగానే బాగుంటుంది. కానీ అది అడవి అంచు. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుతపులి ఒక చిన్నారిని బలిగొన్న తర్వాత ఈ ప్రాంతంలో జాగ్రత్త అన్న మాటకు అర్థం మారింది. బాగా వెలుతురు వచ్చాకే, తోడుతోనే, రెండు చెవుల్లోనూ ఇయర్‌ఫోన్లు పెట్టుకోకుండా వెళ్లాలి. ఎదురుగా వచ్చే వాహనం కనబడేలా రోడ్డుకు కుడిపక్కన పరుగెత్తాలి.

అలిపిరి మెట్ల మీద సాధన చేయవచ్చా అని బయటి ఊళ్లనుంచి వచ్చిన మిత్రులు తరచు అడుగుతుంటారు. 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు వైపు 2,388 మెట్లు అని వినగానే పరుగెత్తేవారికి కాళ్లు ఆగవు. నా అభిప్రాయం మాత్రం వద్దనే. ఒట్టి కాళ్లతో, ప్రతి మెట్టుకూ పసుపు కుంకుమ పెడుతూ వంగి ఎక్కేవారు, పిల్లలను ఎత్తుకున్నవారు, మోకాళ్ల పర్వతం దగ్గర మోకాళ్ల మీద ఎక్కేవారు ఉన్న దారి అది. బూట్లు వేసుకుని గడియారం చూసుకుంటూ వారిని దాటుకుపోవడం సాధన అనిపించుకోదు. మొక్కు ఉంటే నడిచి ఎక్కండి, ఆ రోజుకు అదే వ్యాయామం.

తెల్లవారుజామున పరుగెత్తేవారికి పులికంటే రోజువారీ బెడద కుక్కలది. కుక్క వెంటపడితే వేగం పెంచకూడదు, వెంటనే నడకలోకి దిగి, దానికి వీపు చూపకుండా పక్కగా జరుగుతూ దాని వీధి దాటాలి. వాటి హద్దులు వీధి మలుపుల దగ్గరే ఉంటాయి, వారం రోజుల్లో మనకే తెలిసిపోతుంది. కరిస్తే మాత్రం చిన్న గాటైనా సబ్బుతో పావుగంట కడిగి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లి టీకా వేయించుకోవాలి.

3. యాప్‌లు తెచ్చుకోవడం

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ యాప్‌ల కోసం 2010లో మొదలైన అంగడి ఎఫ్-డ్రాయిడ్. దాని అధికారిక వెబ్‌సైటు నుంచి ఏపీకే ఫైలును (ఆండ్రాయిడ్‌లో యాప్‌ను ఎక్కించే ఫైలు) ఫోన్‌లోకి దించుకుంటే, తెలియని చోటినుంచి వచ్చిన యాప్‌ను అనుమతించాలా అని ఆండ్రాయిడ్ అడుగుతుంది. బ్రౌజరుకు ఆ ఒక్కసారికి అనుమతి ఇచ్చి, ఎఫ్-డ్రాయిడ్ ఎక్కిన వెంటనే సెట్టింగుల్లోకి వెళ్లి ఆ అనుమతిని తీసేయాలి. చాలామంది ఈ రెండో పని మరచిపోతారు.

ఎఫ్-డ్రాయిడ్ తెరిచి మూడు యాప్‌లు ఎక్కించుకోవాలి. మొదటిది ఓపెన్‌ట్రాక్స్, పరుగును నమోదు చేసేది. రెండోది ఓస్మ్ఆండ్, ఇంటర్నెట్ లేకుండా పటం చూపేది. మూడోది జీపీఎస్‌టెస్ట్, ఎన్ని ఉపగ్రహాలు అందుతున్నాయో చూపేది. ఓపెన్‌ట్రాక్స్ బదులు ఫిటోట్రాక్ వాడవచ్చు. అందులో పటం లోపలే ఉంటుంది, బొమ్మలు కాస్త అందంగా ఉంటాయి. నేను ఓపెన్‌ట్రాక్స్‌నే వాడతాను, ఎందుకంటే అది ఇంటర్నెట్ అనుమతి అసలు అడగదు. మన అడుగుజాడలు బయటికి పోవడానికి తలుపే లేని ఇల్లు అది. ఐఫోన్ ఉన్నవారికి ఎఫ్-డ్రాయిడ్ దారి లేదు కానీ, ఓస్మ్ఆండ్ ఐఫోన్‌కూ ఉంది, దానిలోనే ప్రయాణాన్ని నమోదు చేసే సౌకర్యం ఉంది.

ఓపెన్‌ట్రాక్స్ పుట్టుక తెలిస్తే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీద ఉపన్యాసం అక్కర్లేదు. గూగుల్ ఒకప్పుడు మై ట్రాక్స్ అనే యాప్‌ను ఇచ్చేది, దాని మూలసంకేతాన్ని కూడా బయటపెట్టింది. 2016 ఏప్రిల్ 30న ఆ యాప్‌ను ఆపేసింది. మామూలుగా అయితే కథ అక్కడితో ముగిసేది. మూలసంకేతం అందరి చేతుల్లో ఉంది కాబట్టి దాన్నే పట్టుకుని, అక్కర్లేనివి తీసేసి, కొందరు ఓపెన్‌ట్రాక్స్‌గా నడిపిస్తున్నారు. కంపెనీ వదిలేసిన దాన్ని మనం ఈ రోజు అలిపిరి రోడ్డు మీద వాడుకుంటున్నాం.

ఓస్మ్ఆండ్‌లో భారతదేశం కింద ఆంధ్రప్రదేశ్ పటాన్ని ఒక్కసారి వైఫై మీద దించుకుంటే చాలు. చంద్రగిరి, పేరూరు, కల్యాణి డ్యామ్ వైపు సిగ్నల్ లేని చోట్ల కూడా దారి కనిపిస్తుంది.

4. మొదటి నమోదుకు ముందు సరిచూసుకోవలసినవి

మన దగ్గర అమ్ముడయ్యే ఫోన్లలో చాలావాటికి ఒక దురలవాటు ఉంది. బ్యాటరీ మిగల్చడం కోసం, తెర ఆరిపోయిన కొద్దిసేపటికి వెనక నడుస్తున్న యాప్‌ను గొంతు నులిమేస్తాయి. నా మొదటి పటంలో గీత కపిలతీర్థం దగ్గర ఆగిపోయి, ఇరవై నిమిషాల తర్వాత బాలాజీ కాలనీలో తేలింది. రెండింటినీ కలుపుతూ ఇళ్ల మీదుగా బట్టలారేసే తాడు కట్టినట్టు ఒక తిన్నని గీత ఉంది. దీనికి మందు ఫోన్ సెట్టింగుల్లోనే ఉంటుంది. యాప్ సమాచారంలోకి వెళ్లి, ఓపెన్‌ట్రాక్స్‌కు బ్యాటరీ వాడకంలో ఏ పరిమితీ లేకుండా చేయాలి. వెనక నడవడానికి అనుమతి వేరుగా ఉంటే అదీ ఇవ్వాలి. ఇటీవలి యాప్‌ల వరుసలో దానికి తాళం గుర్తు పెట్టే వీలుంటే పెట్టాలి. లొకేషన్ అనుమతి అడిగినప్పుడు 'కచ్చితమైన స్థానం' ఎంచుకోవాలి, ఉజ్జాయింపు స్థానంతో పరుగు నమోదు కాదు.

తర్వాత యాప్ లోపలి సెట్టింగులు. ఎన్ని సెకన్లకు ఒకసారి స్థానం తీసుకోవాలన్న చోట అతి తక్కువ వ్యవధిని ఎంచుకోవాలి. బ్యాటరీ మిగులుతుందని పది సెకన్లు పెడితే, ప్రతి మలుపునూ యాప్ అడ్డదారిలో కోసేసి దూరం తగ్గించి చూపుతుంది. ప్రతి కిలోమీటరుకూ గొంతుతో చెప్పే సౌకర్యాన్ని పెట్టుకుంటే ఫోన్‌ను జేబులోంచి తీయనవసరం ఉండదు, పెద్దాయనతో మాట పడనవసరమూ ఉండదు.

చివరి జాగ్రత్త, అందరూ దాటవేసేది: ఇంట్లోంచి బయటికి వచ్చి, ఆకాశం కనిపించే చోట ఒక నిమిషం నిలబడి, స్థానం కుదిరాకే నమోదు మొదలుపెట్టాలి. మేడల మధ్య సందులో నొక్కేసి పరుగు తీస్తే, తొలి రెండు వందల మీటర్లలో మీరు ఎదురింటి గోడ దూకి వచ్చినట్టు గీత పడుతుంది.

5. ఫోన్‌కు పరీక్ష పెట్టడం

ఆకాశం బాగా కనిపించే చోట మామూలు ఫోన్ జీపీఎస్ సుమారు 5 మీటర్ల లోపు తేడాతో స్థానం చెబుతుంది. మన ఫోన్ ఎలా చెబుతుందో తేల్చుకోవడానికి, కొలిచి గీసిన 400 మీటర్ల ట్రాక్‌ను మించిన పరీక్ష లేదు. లోపలి మొదటి వరుసలో, అంచుకు దాదాపు ఒక అడుగు దూరంలో పది చుట్లు తిరిగితే 4 కిలోమీటర్లు అవుతుంది. యాప్ 4.1 చూపిస్తే రెండున్నర శాతం ఎక్కువ చెబుతోందని గుర్తుపెట్టుకుంటే సరిపోతుంది. ట్రాక్ మీద పెద్దవారు నడుస్తున్నారని బయటి వరుసలోకి వెళితే లెక్క మారుతుంది, ఎనిమిదో వరుసలో ఒక చుట్టు సుమారు 453 మీటర్లు.

తేడా ఎందుకు వస్తుందో తెలిస్తే విసుగు తగ్గుతుంది. నిలబడి ఉన్నా స్థానం అటూ ఇటూ ఊగుతుంటుంది కాబట్టి, ఆ ఊగులాటంతా గీతలో చేరి దూరం పెరుగుతుంది. మలుపులో రెండు బిందువులను తిన్నని గీత కలుపుతుంది కాబట్టి దూరం తగ్గుతుంది. కపిలతీర్థం లాంటి చోట కొండ సగం ఆకాశాన్ని కప్పేస్తుంది. కొన్ని ఉపగ్రహాల సంకేతాలు నేరుగా రాక, రాతికి తగిలి తిరిగి వస్తాయి, ఫోన్ ఆ చుట్టుదారినీ దూరంగానే లెక్కేస్తుంది. జీపీఎస్‌టెస్ట్ తెరిచి యూనివర్సిటీ మైదానంలో ఒకసారి, కొండ కింద ఒకసారి చూస్తే తేడా కళ్లకే తెలుస్తుంది. మీ ఫోన్ చిప్‌లో వీలుంటే మన నావిక్ ఉపగ్రహాలు కూడా ఆ జాబితాలో కనిపిస్తాయి.

6. ఫైలును బయటికి తీసి, లోపల ఏముందో చూడటం

ఈ మార్గదర్శికి ఇది ప్రాణం లాంటి భాగం. 2020 జూలైలో సైబర్ దాడి వల్ల, జీపీఎస్ గడియారాలు తయారుచేసే గార్మిన్ కంపెనీ సేవలు కొన్ని రోజులు నిలిచిపోయినప్పుడు, లక్షల్లో డబ్బు పోసి గడియారాలు కొన్నవారు కూడా తమ పరుగుల చిట్టాను చూసుకోలేకపోయారు. ఫైలు మన దగ్గరుంటే ఆ చింత ఉండదు.

ఓపెన్‌ట్రాక్స్‌లో పరుగును ఎంచుకుని ఎగుమతి నొక్కితే జీపీఎక్స్ అనే రకం ఫైలు వస్తుంది. ఇరవై ఏళ్లకు పైగా వాడుకలో ఉన్న ఈ పద్ధతిని పటాలతో పనిచేసే దాదాపు ప్రతి సాఫ్ట్‌వేరూ చదువుతుంది. ప్రతి పరుగు తర్వాత దానంతటదే ఎగుమతి అయ్యేలా సెట్టింగుల్లో ఒక ఫోల్డరును చూపవచ్చు. ఫైలు పేరు ఏడాది, నెల, తేదీ, ఆ తర్వాత చోటు అన్న వరుసలో ఉంటే, ఏళ్లు గడిచినా అవి వాటంతట అవే కాలక్రమంలో నిలబడతాయి. తేదీని ముందు పెట్టే మన మామూలు అలవాటు ఇక్కడ పనికిరాదు.

ఆ ఫైలును మామూలు టెక్స్ట్ ఎడిటరులో ఒక్కసారైనా తెరవండి. అందులో దాపరికం ఏమీ లేదు, ప్రతి సెకనుకూ ఒక ట్రాక్ పాయింట్, ప్రతి పాయింటుకూ నాలుగు సంగతులు: అక్షాంశం, రేఖాంశం, ఎత్తు, సమయం. తిరుపతిలో అక్షాంశం 13.6తోనూ, రేఖాంశం 79.4తోనూ మొదలవుతాయి. దశాంశ బిందువు తర్వాత ఐదో అంకె ఒకటి మారితే నేల మీద దాదాపు ఒక మీటరు జరిగినట్టు. ఆరో అంకె, ఏడో అంకె కూడా కనిపిస్తాయి కానీ, ఫోన్‌కు అంత చూపు లేదు కాబట్టి వాటిని పట్టించుకోవద్దు. గంట పరుగంటే 3,600 పాయింట్ల దాకా, సుమారు అర మెగాబైటు. ఫోన్‌తో తీసిన ఒక ఫొటో కంటే చాలా తక్కువ.

సమయం గురించి మొదట్లోనే చెప్పాను. మరో చిక్కు ఎత్తుది. పరుగెత్తేటప్పుడు యాప్ తెర మీద సుమారు 160 మీటర్లని చూపిన చోటే, ఎగుమతి అయిన ఫైలులో 70, 75 అని ఉంటుంది. మొదటిసారి చూసినప్పుడు ఫోన్‌లో భాగమేదో పాడైందనుకుని మరమ్మతు అంగడికి బయలుదేరబోయాను. నిజానికి ఉపగ్రహాలు ఎత్తును సముద్రమట్టం నుంచి కొలవవు, భూమిని నునుపైన గుడ్డులా ఊహించి గీసిన ఒక గణిత రూపం నుంచి కొలుస్తాయి. దక్షిణ భారతంలో, హిందూ మహాసముద్రంలోని గురుత్వాకర్షణ లోటు ప్రభావం వల్ల, నిజమైన సముద్రమట్టం ఆ ఊహారూపం కంటే ఎనభై మీటర్లకు పైగా కిందికి దిగి ఉంటుంది. ఓపెన్‌ట్రాక్స్ తెర మీద ఈ తేడాను సరిచేసి చూపుతుంది, ఫైలులో మాత్రం ఉపగ్రహ లెక్కనే రాస్తుంది. చెన్నైలో మెరీనా తీరాన పరుగెత్తినవారి ఫైలులో ఎత్తు సున్నాకంటే తక్కువగా కనిపించడానికి కారణమూ ఇదే. జీపీఎస్‌బేబెల్ అనే సాధనంలో ఎత్తును సముద్రమట్టానికి మార్చే సదుపాయం ఉంది. అయితే మొత్తం ఎంత ఎత్తు ఎక్కామన్నదే మీకు కావలసిందైతే ఏమీ మార్చనవసరం లేదు. తేడా అన్ని పాయింట్లకూ దాదాపు సమానం కాబట్టి, కూడికలో అది కొట్టుకుపోతుంది.

7. లెక్కల పుస్తకం

సాధన లెక్కలను విశ్లేషించడానికి గోల్డెన్‌చీతా అనే సమర్థమైన స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉంది కానీ, అది ప్రధానంగా సైకిల్ పోటీలవారి అవసరాలకు పెరిగినది. మోకాలి కోసమో పొట్ట కోసమో పరుగెత్తేవారికి అది పెళ్లివంట గిన్నెలో టీ కాచినట్టు ఉంటుంది. ఎక్సెల్ లాంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అయిన లిబ్రేఆఫీస్ కాల్క్‌లో ఒక పట్టిక చాలు: తేదీ, చోటు, దూరం, సమయం, వేగం, ఎక్కిన ఎత్తు, ఎంత కష్టంగా అనిపించింది.

సమయం రాసేటప్పుడు ఒక పొరపాటు అందరికీ తప్పదు. 36 నిమిషాల 24 సెకన్లను 36:24 అని కొడితే, కాల్క్ దాన్ని 36 గంటల 24 నిమిషాలుగా తీసుకుంటుంది. ముందు సున్నా గంటలు చేర్చి 0:36:24 అని రాయాలి. ఆ గడిని దూరం గడితో భాగిస్తే కిలోమీటరుకు పట్టిన సమయం వస్తుంది. 5.2 కిలోమీటర్లకు 0:36:24 అయితే సరిగ్గా 0:07:00. గడి రూపాన్ని గంటలు, నిమిషాలు, సెకన్లుగా పెట్టకపోతే అక్కడ 0.00486 లాంటి దశాంశం కనిపించి కంగారు పుట్టిస్తుంది. అది తప్పు కాదు, ఒక రోజులో అదెంత భాగమో చెబుతోంది. ఫైలులోని సమయాన్ని తెచ్చి అతికిస్తే, అది ప్రపంచ ప్రామాణిక సమయంలో ఉన్నట్లయితే, దానికి 5 గంటల 30 నిమిషాలు కలిపాకే తేదీని విడదీయాలి.

అన్నిటికన్నా పనికొచ్చే నిలువు వరుస చివరిది. ఒకటి నుంచి పది దాకా, ఎంత కష్టమనిపించిందో ఇంటికి వచ్చి చెమట ఆరే లోపే ఒక అంకె వేసుకోవాలి. నా పట్టికలో కిలోమీటరుకు ఏడు నిమిషాల పరుగు డిసెంబరులో నాలుగు, మే నెలలో అదే దారిలో, అదే వేగానికి ఏడు. ఈ వరుస లేకపోయి ఉంటే వేసవిలో వేగం తగ్గినందుకు బాధపడి, ఇంకా గట్టిగా పరుగెత్తి ఎండదెబ్బ తినేవాణ్ణి.

వారానికి పది శాతానికి మించి దూరం పెంచరాదనే వాడుక నియమం ఒకటుంది. వారానికి ఆరు కిలోమీటర్లు పరుగెత్తేవారికి అది ఆరువందల మీటర్ల పెంపు, మొదట్లో అది మరీ నెమ్మది. నలభై కిలోమీటర్లవారికేమో నాలుగు కిలోమీటర్లు, అది వారికి ఎక్కువే కావచ్చు. మూడు వారాలు కొద్దికొద్దిగా పెంచి, నాలుగో వారం బాగా తగ్గించడం నాకు కుదిరింది. పట్టికలో వారం మొత్తాల గీతను గీస్తే అది మెట్లు మెట్లుగా కనిపించాలి, నిచ్చెనలా నిటారుగా పోకూడదు.

8. బ్యాండ్లు, గడియారాలు

ఇవి లేకపోయినా నష్టం లేదు. ఇప్పటికే ఒక ఫిట్‌నెస్ బ్యాండ్ ఇంట్లో ఉంటే, తయారీదారు యాప్ బదులు గ్యాడ్జెట్‌బ్రిడ్జ్ అనే స్వేచ్ఛా యాప్‌తో దాన్ని నడపవచ్చేమో ముందు దాని మోడల్ జాబితాలో చూడాలి. కొన్ని బ్యాండ్లకు మొదటిసారి తయారీదారు యాప్‌తోనే జతచేసి, ఒక రహస్య సంకేతాన్ని తీసుకోవలసి ఉంటుంది. ఛాతీకి కట్టుకునే బ్లూటూత్ హార్ట్‌రేట్ బెల్టును మాత్రం ఓపెన్‌ట్రాక్స్ నేరుగా చదువుతుంది. మణికట్టు బ్యాండ్ కంటే దాని అంకె నమ్మదగినది.

9. పంచుకునే ముందు

పరుగులను నమోదు చేసే యాప్ స్ట్రావా 2017 నవంబరులో ప్రచురించిన హీట్‌మ్యాప్‌ను (వాడుకరులందరి దారులనూ కలిపి చూపే పటం) 2018 జనవరిలో పరిశీలించినవారు, సైనికుల పరుగుల గీతలను బట్టి మారుమూల ఎడారుల్లోని సైనిక స్థావరాల ఆకారాలను గుర్తుపట్టారు. మనకు స్థావరాలు లేకపోయినా ఇల్లు ఉంది. ప్రతి ఉదయం గీత ఎక్కడ మొదలవుతుందో, ఎక్కడ ముగుస్తుందో అదే ఇల్లు, ఏ వేళకు ఆ ఇంట్లో మనిషి ఉండరో కూడా ఫైలులో ఉంటుంది. అందుచేత ఫైలును వాట్సాప్ గుంపుల్లో వేయకండి. దూరం, సమయం చూపే తెరపటం (స్క్రీన్‌షాట్) చాలు. ఫైలే ఇవ్వాల్సి వస్తే, నమోదును వీధి చివర మొదలుపెట్టి వీధి చివరే ఆపే అలవాటు చేసుకోవాలి.

10. పటానికి తెలుగు పేర్లు

ఓస్మ్ఆండ్ చూపే పటం ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ నుంచి వస్తుంది. 2004లో స్టీవ్ కోస్ట్ మొదలుపెట్టిన ఈ పటాన్ని మనలాంటివారే గీస్తారు. మన ఊరి భాగంలో సందులు, కుళాయిలు, కాలిబాటలు లేకపోతే దానికి కారణం మనమే. పరుగెత్తే దారిని మనకంటే దగ్గరగా చూసేవారు ఎవరు?

మొదలుపెట్టడానికి స్ట్రీట్‌కంప్లీట్ యాప్ సులువు. మీరున్న వీధి గురించి, దీపాలున్నాయా, నేల తారుదా మట్టిదా అని చిన్న ప్రశ్నలు అడుగుతుంది, కళ్లతో చూసి జవాబు నొక్కాలి. పరుగు మధ్యలో కాదు, చివరి ఐదు నిమిషాల నడకలో చేయాల్సిన పని ఇది. తాగునీటి కుళాయి ఉన్న చోటును గుర్తుపెట్టుకుని ఇంటికొచ్చాక బ్రౌజరులోని ఐడీ ఎడిటరుతో చేర్చవచ్చు. మే నెలలో జూపార్కు రోడ్డు మీద ఒక నీటి గుర్తు విలువ ఎంతో ఆ వేడిలో పరుగెత్తినవారికి తెలుసు.

అంతకంటే నాకు ఇష్టమైన పని పేర్లది. ఆంగ్ల అక్షరాల్లో రాసిన బైరాగిపట్టెడను పత్తెదా అని, పట్టేడా అని చదివే క్యాబ్ డ్రైవర్లను, పార్సిల్ తెచ్చేవారిని చూశాను. ద, డలకూ ల, ళలకూ ఆ లిపిలో తేడా కనిపించదు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ప్రతి చోటుకూ మామూలు పేరుతోపాటు తెలుగు పేరుకు ప్రత్యేకమైన గడి ఉంది. ఐడీ ఎడిటరులో బహుభాషా పేరు అన్న చోట తెలుగును ఎంచుకుని రాయాలి. అక్కడి బోర్డు మీద ఎలా ఉందో చూసి రాయాలి, ఊహించి రాయకూడదు, మరో కంపెనీ పటం నుంచి చూసి అసలు రాయకూడదు, అది లైసెన్సు ఉల్లంఘన అవుతుంది. పేరు చేర్చిన కొంతకాలానికి ఓస్మ్ఆండ్‌లో పటాన్ని కొత్తగా దించుకుని, పటం భాషగా తెలుగును ఎంచుకుంటే, మీరు రోజూ దాటే వీధి తెలుగులో కనిపిస్తుంది.

11. ఏడాది ఫైళ్లను కాపాడుకోవడం

నెలకొకసారి యూఎస్‌బీ కేబులుతో ఫోల్డరును కంప్యూటర్‌లోకి, అక్కడినుంచి ఒక పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకుంటే చాలు. కేబుల్ తీసేంత ఓపిక లేనివారు సింక్‌థింగ్ పెట్టుకుంటే, ఫోన్, కంప్యూటర్ ఒకే వైఫైలో ఉన్నప్పుడు మధ్యలో ఎవరి సర్వరూ లేకుండా రెండూ ఒకటినొకటి సరిచూసుకుంటాయి. దాని అధికారిక ఆండ్రాయిడ్ యాప్ 2024 డిసెంబరులో ఆగిపోయింది. అయినా మై ట్రాక్స్ కథే ఇక్కడా జరిగింది, సింక్‌థింగ్-ఫోర్క్ పేరుతో వేరేవారు దాన్ని నడుపుతున్నారు. ఒక హెచ్చరిక: సింక్‌థింగ్ ఒక చోట చెరిపింది రెండో చోటా చెరిపేస్తుంది కాబట్టి, అది ఒక్కటే ఉంటే భద్రపరిచినట్టు కాదు, పెన్‌డ్రైవ్ కాపీ ఉండాల్సిందే. ఆ కాపీ పనిచేస్తుందో లేదో తేల్చడానికి, ఏడాది కిందటి ఫైలు ఒకటి పెన్‌డ్రైవ్ నుంచి ఇంట్లో వేరొకరి ఫోన్‌లోకి వేసి, ఓస్మ్ఆండ్‌లో తెరిచి, గీత సరిగ్గా ఆ రోజు పరుగెత్తిన రోడ్డు మీదే పడుతోందేమో చూడండి.